పాటలో చౌక... పార్సిలులో మోత

నెట్‌ వేలంలో వస్తువు ధరను మించుతున్న తపాలా ఖర్చు
ముందుగా అడిగి తెలుసుకోకుంటే కొన్నవారికే నష్టం

సంగం: వేలంపాట ఈ ప్రాంత ప్రజలకు కొత్త కాదు. చెరువులో చేపలు, చింతచెట్ల కాపు, దేవుడి మాన్యం కౌలు, పంచాయతీ అంగళ్ళ బాడుగ, ఇవన్నీ పాట పాడి దక్కించుకునేవే. పాట మొదలయ్యే ముందు అధికారి నిలబడి షరతులు చదువుతాడు. డిపాజిట్టు ఎంత, మిగతా సొమ్ము ఎన్నాళ్ళలో కట్టాలి, ఏ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది అనేది అందరి ముందూ చెబుతాడు. మొదటి పాట ఆ తర్వాతే. షరతు నచ్చనివాడు లేచి టీ అంగడికి పోతాడు. పోయినందుకు అతనికి పైసా ఖర్చు లేదు.

సెల్‌ఫోనులో జరిగే వేలానికి ఈ పద్ధతి తలకిందులు. అక్కడ ముందు పాట, ఆపైన షరతులు. వస్తువు తనకే దక్కిందని సంతోషపడేలోగా తపాలా ఖర్చు, ప్యాకింగు ఖర్చు, పన్ను అంటూ ఒకదాని కింద ఒకటి అంకెలు వస్తాయి. సంగం, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల్లో ఇప్పుడు సెల్‌ఫోను లేని ఇల్లు అరుదు. కొనుగోళ్ళు పెరిగేకొద్దీ ఈ కొసరు ఖర్చుల సంగతి తెలుసుకోవలసిన అవసరమూ పెరుగుతున్నది.

ఒక లెక్క చూద్దాం. పెన్న ఒడ్డు గ్రామం రైతు ఒకరు పాత పవర్‌ స్ప్రేయరును నెట్‌ వేలంలో చూశారనుకుందాం. పాట రూ.900 దగ్గర మొదలై రూ.1,250 దగ్గర ఆయనకు నిలిచింది. అంగట్లో కొత్తది రూ.2,500 అయితే, సగం ధరకే దొరికినట్టు లెక్క. ఆ తర్వాత పార్సిలు ఖర్చు రూ.640, ప్యాకింగు రూ.120, ఈ రెంటి మీద 18 శాతం జీఎస్టీ రూ.136.80 వేశారు. మొత్తం రూ.2,146.80 అయింది. కొత్తదానికీ పాతదానికీ తేడా రూ.353.20 మాత్రమే. ఆ కొద్ది మిగులు కోసం గ్యారంటీ లేని వస్తువును, చెడిపోతే తిరిగి పంపడానికి మరోసారి పార్సిలు ఖర్చు పెట్టుకోవలసిన వస్తువును ఆయన కొన్నట్టు. అసలు కంటే కొసరు ఎక్కువ అనేది ఇలాంటి చోటనే.

తూకం ఒకటి, లెక్క ఒకటి

నాలుగు కిలోల వస్తువుకు అంత ఖర్చు ఎందుకన్నది సహజంగా వచ్చే ప్రశ్న. చాలా కొరియర్‌ సంస్థలు తక్కెడ మీది బరువును ఒక్కటే చూడవు. పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా కొలుస్తాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడింటినీ గుణించి 5,000తో భాగిస్తారు. వచ్చిన అంకెను కిలోలుగా తీసుకుంటారు. తక్కెడ బరువు, ఈ లెక్క బరువు - రెంటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. 50 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 30 ఎత్తు ఉన్న పెట్టెకు ఈ లెక్కన 12 కిలోలు వస్తుంది. లోపల ఉన్నది నాలుగు కిలోల ప్లాస్టిక్‌ ట్యాంకే అయినా 12 కిలోలకు చెల్లించాలి. లారీలో వరిగడ్డి తోలించిన రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. గడ్డికి తూకం తక్కువ, లారీ మాత్రం నిండిపోతుంది. బాడుగ లారీకే గాని గడ్డికి కాదు.

ఇందులో మోసమేమీ లేదు. అయితే ఈ లెక్కను పాటకు ముందు చెప్పకపోవడం తప్పు. మోసం వేరే చోట ఉన్నది. అమ్మేవాడు పెద్ద పెట్టెలో చిన్న వస్తువు పెట్టి కాగితాలు కుక్కినా, తనకు రూ.200 అయిన ఖర్చును రూ.400 అని చూపినా, కొన్నవారు ఊరిలో కూర్చుని కనిపెట్టడం కష్టం. దీనికి తోడు తమ మామూలు దారిలో లేని ఊళ్ళకు కొన్ని కొరియర్‌ సంస్థలు దూరపు ఛార్జీ అని అదనంగా వేస్తాయి. నెల్లూరు పట్టణంలోని వారికి పడని ఈ భారం ఉదయగిరి కొండ దాపున ఉన్న పల్లెలకు పడే అవకాశం ఎక్కువ. కొన్నిచోట్ల పార్సిలు ఊరికి రాదు కూడా. ఆత్మకూరుకో ఉదయగిరికో వచ్చి తీసుకుపొమ్మని ఫోను వస్తుంది. బస్సు ఛార్జీ, పోయిన ఒక పూట కూలి ఏ బిల్లులోనూ కనిపించవు గాని అవీ ఆ వస్తువు ఖరీదులోవే.

తపాలా శాఖ విషయం వేరు. బ్రాంచి పోస్టాఫీసు ఉన్న పల్లెకు మారుమూల అనే పేరుతో కొరియర్ల మాదిరి ప్రత్యేక ఛార్జీ ఉండదు. బరువును బట్టి, దూరాన్ని బట్టి ఒకటే పట్టిక. అయితే ఇక్కడా రేట్లు మారాయి. చిరకాలంగా జనం ఎరిగిన రిజిస్టర్డ్‌ పోస్టును 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్‌ పోస్టులో కలిపేశారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి స్పీడ్‌ పోస్టుకు కొత్త రేట్లు వచ్చాయి. 50 గ్రాముల లోపు కవరు పై ఊరికి పంపాలంటే రూ.47. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిస్తే రూ.55.46. చిరునామాదారు చేతికే ఇవ్వాలని రిజిస్ట్రేషను కోరితే మరో రూ.5, దాని మీదా పన్ను. మొత్తం రూ.61.36. పాత తపాలా బిళ్ళలు సేకరించే విద్యార్థి నెట్‌ వేలంలో రూ.60కి ఒక బిళ్ళ పాడుకుంటే, దానిని ఇంటికి తెచ్చుకోవడానికి బిళ్ళ ఖరీదును మించి రూ.1.36 ఎక్కువ అవుతుందన్నమాట. ఇక్కడ అమ్మినవాడు పైసా తినలేదు.

పుస్తకాల సంగతి కూడా చెప్పుకోవాలి. పోటీ పరీక్షలకు చదివే యువకులు పాత పుస్తకాలను నెట్‌లో తెప్పించుకోవడం మామూలైంది. పుస్తకాలకు చౌకగా ఉన్న రిజిస్టర్డ్‌ బుక్‌పోస్టును 2024 డిసెంబరు 18న ఎత్తివేయడంతో చదువరులు, ప్రచురణకర్తలు ఆందోళన వ్యక్తం చేశారు. తర్వాత 2025 మే 1 నుంచి జ్ఞాన్‌ పోస్టు అనే పద్ధతి వచ్చింది. ప్రారంభంలో 300 గ్రాముల వరకు రూ.20, అయిదు కిలోల వరకు రూ.100, పన్ను అదనం అని నిర్ణయించారు. పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు, ధార్మిక, సాంస్కృతిక గ్రంథాలు దీనిలో పంపవచ్చు. పత్రికలకు, ప్రకటనల కాగితాలకు వర్తించదు. నేల మార్గంలో వస్తుంది గనుక కాస్త ఆలస్యమవుతుంది. పాత పుస్తకాలు కొనేవారు దీనిలో పంపమని అమ్మేవారిని అడిగితే కొరియరు ఖర్చు తప్పుతుంది. చాలామంది అడగరు. అడగవచ్చునని వారికి తెలియదు.

ఈ ఎత్తు పాతదే

వస్తువును చౌకగా చూపి తపాలాలో రాబట్టుకోవడం నెట్‌ వేలాలతో పాటే పుట్టింది. అమెరికాలో 1995లో మొదలైన ఈబే సంస్థ ఈ వ్యాపారానికి ఆద్యురాలు. మన దేశంలో 2000లో బాజీ అనే పేరుతో ఒక వేలం సంస్థ వచ్చింది. 2004లో దానిని ఈబే కొన్నది. 2017లో ఆ వ్యాపారం ఫ్లిప్‌కార్ట్‌ చేతికి పోయి, 2018 ఆగస్టు 14న ఈబే ఇండియా మూతపడింది. అయినా వేలాలు ఆగలేదు. నాణేలు, తపాలా బిళ్ళలు అమ్మే సంస్థలు నెట్‌లో పాటలు పెడుతున్నాయి. ఫేసుబుక్కు, వాట్సాప్‌ గ్రూపుల్లో సొంత మనుషుల మధ్య పాటలు సాగుతున్నాయి. విదేశీ వెబ్‌సైట్లలో ఇక్కడి నుంచే పాడేవారూ ఉన్నారు.

ఈబేలో మొదట్లో కమిషను వస్తువు ధర మీదే ఉండేది. తపాలా ఖర్చు మీద ఉండేది కాదు. దీనితో కొందరు అమ్మకందారులు గిట్టుబాటు చూసుకున్నారు. వస్తువు ధర నామమాత్రంగా పెట్టి, అసలు ధరను తపాలా పద్దులోకి తోసేవారు. కమిషనూ మిగిలేది, చౌక చూసి జనమూ వచ్చేవారు. చివరికి 2011లో అమెరికాలో ఈబే తపాలా ఖర్చు మీద కూడా కమిషను వేయడం మొదలుపెట్టాక ఈ ఎత్తు కొంత తగ్గింది. మన వాట్సాప్‌ గ్రూపుల్లో మాత్రం కమిషనూ లేదు, అడిగే నాథుడూ లేడు.

ప్రభుత్వం పెట్టే ఈ-వేలాల్లోనూ రవాణా కొన్నవారిదే. ఎర్రచందనం దుంగలను అటవీ శాఖ ఈ-వేలంలో అమ్ముతుంది. సరుకు ఉన్నచోట ఉన్నట్టుగా తీసుకుపోవాలన్నది ఇలాంటి వేలాల్లో సాధారణంగా ఉండే షరతు. అయితే ఆ మాట పాటకు ముందే కాగితం మీద ఉంటుంది. తేడా అక్కడే ఉన్నది.

విదేశీ పార్సిలుకు సుంకం దెబ్బ

విదేశాల్లో పాడి తెప్పించుకునేవారికి మరో పోటు ఉన్నది. పార్సిలు చెన్నై వంటి నగరాల్లోని విదేశీ తపాలా కార్యాలయానికి చేరాక కస్టమ్స్‌ వారు విలువ కట్టి సుంకం వేస్తారు. ఆ సొమ్ము చెల్లిస్తే గాని పార్సిలు చేతికి రాదు. ఇందులో ఎక్కువమందికి తెలియని విషయం ఒకటి ఉన్నది. సుంకాన్ని వస్తువు ధర మీదే కాక, దానిని ఇక్కడికి తెచ్చిన రవాణా ఖర్చును కూడా కలిపి లెక్కిస్తారు. తపాలా మీద కూడా సుంకం కట్టవలసిందే.

బహుమతిగా వచ్చిందని చెప్పి తప్పించుకునే దారీ మూసుకుపోయింది. లోగడ రూ.5,000 లోపు బహుమతి పార్సిళ్ళకు సుంకం ఉండేది కాదు. కొన్ని విదేశీ వ్యాపార సంస్థలు అమ్మిన సరుకును బహుమతి అని రాసి పంపడం ఎక్కువ కావడంతో 2019 డిసెంబరులో ఆ మినహాయింపును కేంద్రం రద్దు చేసింది. రాఖీలకు, ప్రాణరక్షక మందులకు మాత్రం సడలింపు ఇచ్చారు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపిన పార్సిలుకు పన్నెందుకని పోస్టుమ్యాన్‌తో తగాదా పడి ప్రయోజనం లేదు. సుంకం వేసింది ఆయన కాదు.

పంపేవారికీ ఇలాంటి అనుభవం ఎదురైంది. అమెరికా ప్రభుత్వం చిన్న పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తివేయడంతో మన తపాలా శాఖ అక్కడికి పార్సిళ్ళను కొన్ని వారాలు ఆపింది. అక్టోబరు 15న తిరిగి తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు ప్రకటించిన విలువలో 50 శాతం సుంకాన్ని ఇక్కడే ముందుగా కట్టించుకున్నారు. పిల్లలకు ఆవకాయ, కారంపొడి పంపబోయిన తల్లిదండ్రులకు అది ఊహించని ఖర్చు. బాధ బాధే గాని, కట్టాల్సింది పార్సిలు ఇచ్చేటప్పుడే తెలిసింది. వద్దనుకుంటే ఇంటికి తెచ్చుకునే వీలు ఉండింది.

గరిటెల కథ

ఇందులో అమ్మేవారి కష్టమూ లేకపోలేదు. దానికి ఉదాహరణ వెదకడానికి దూరం పోనక్కరలేదు. ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. కొండ అడవిలో దొరికే కర్రతో పనివారు, ఎక్కువగా మహిళలు, చేత్తో చెక్కి నునుపు చేస్తారు. వీటిని ఇప్పుడు నెట్‌లో కూడా అమ్ముతున్నారు. గరిటె తేలిక, ధర స్వల్పం. హైదరాబాదులో ఉన్న గృహిణికి ఒక్క గరిటె పంపాలంటే కాడ విరగకుండా అట్టపెట్టె కావాలి, తపాలా కావాలి. ఖర్చు గరిటె ధరకు దగ్గరగానో పైగానో పోతుంది. కొనేవారు అది చూసి వెనక్కి తగ్గుతారు. తపాలా లేదని చెబితే ఆ ఖర్చు పనివారి కూలిలో కోత పడాలి. అరడజను గరిటెలు కలిపి ఒక పెట్టెగా అమ్మితే ఒక్కొక్కదాని మీద పడే భారం తగ్గుతుంది. కొనేవారు ఇరుగుపొరుగుతో కలిసి తెప్పించుకున్నా అంతే. ‘తపాలా ఉచితం’ అని కనిపించిన ప్రతిచోటా ఆ ఖర్చును ఎవరో ఒకరు మోస్తున్నారన్నది మరవరాదు. పెద్ద వ్యాపారి ధరలో కలిపేస్తాడు. చిన్న పనివారికి ఆ వీలు తక్కువ.

చట్టం ఏమంటున్నది?

కేంద్ర ప్రభుత్వం 2020 జూలైలో ఈ-కామర్స్‌ నిబంధనలు తెచ్చింది. వస్తువు మొత్తం ధరను ఒకే అంకెగా చూపాలి. తపాలా, ప్యాకింగు, రవాణా, పన్ను ఎంతెంతో విడమరచి చెప్పాలి. ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందినట్టు తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. 2023 నవంబరులో మరో మార్గదర్శక పత్రం వచ్చింది. ధరను చుక్కచుక్కగా పెంచుతూ చివరిలో అసలు మొత్తం చూపడం, అడగని వస్తువును బిల్లులో దూర్చడం వంటి 13 రకాల ఎత్తులను అందులో నిషేధించారు. సరుకు చేతికి వచ్చాక డబ్బు ఇచ్చేవారి దగ్గర అదనపు రుసుము గుంజుతున్నారన్న ఫిర్యాదులపై విచారణ చేపట్టినట్టు 2025 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రి ప్రహ్లాద్‌ జోషి ప్రకటించారు. పల్లెల్లో కొనుగోళ్ళు ఎక్కువగా ఈ పద్ధతిలోనే జరుగుతాయి గనుక ఈ విచారణ మనకూ సంబంధించిందే.

అయితే ఈ నిబంధనల్లో ఒక సందు ఉన్నది. వ్యాపారంగా కాక, ఎప్పుడో ఒకసారి తన ఇంటి పాత సామాను అమ్ముకునే వ్యక్తికి ఇవి వర్తించవు. నెట్‌ వేలాల్లో అమ్మేవారిలో ఇలాంటివారు చాలామంది. వాట్సాప్‌ గ్రూపులో ఎవరో పాత రేడియో పాటకు పెట్టి, పాట ముగిశాక తపాలా రూ.500 అంటే అతనిని ఈ నిబంధన కింద నిలదీయడం కష్టం. ముందుగా అడగడం అన్నిటికన్నా ఇలాంటిచోటే ఎక్కువ అవసరం.

అడగడమూ పెద్ద పనేమీ కాదు. పెట్టె కొలతలు, తూకం, ఏ సర్వీసులో పంపుతారు, మన పిన్‌కోడుకు మొత్తం ఎంత అవుతుంది, చెడిపోయి ఉంటే తిరిగి పంపే ఖర్చు ఎవరిది - ఇవి రాతపూర్వకంగా రాబట్టుకుని ఆ సందేశాన్ని ఫోనులో దాచుకోవాలి. ఆ తర్వాత తన పాటకు హద్దు గీసుకోవాలి. వస్తువుకు రూ.500 మించి పెట్టకూడదని అనుకున్నవారు, తపాలా రూ.140 అని తేలితే పాటలో రూ.360 దగ్గర ఆగాలి. రూ.500 వరకు పాడి ఆపైన తపాలా చూసి బాధపడేవారే ఎక్కువ. జవాబు ఇవ్వని అమ్మకందారు దగ్గర పాడకపోవడమే క్షేమం.

పాతతరం వారికి వి.పి.పి. గుర్తుండే ఉంటుంది. పత్రికలో ప్రకటన చూసి కార్డు రాస్తే పార్సిలు వచ్చేది. డబ్బు కట్టాకే విప్పాలి. ఈ పద్ధతి మన దేశంలో 1877లో మొదలైంది. ఒప్పుకున్నదాని కంటే ఎక్కువ మొత్తం పార్సిలు మీద కనిపిస్తే తీసుకోకుండా వెనక్కి పంపే వీలు అప్పుడూ ఉండేది. చేతికి వచ్చాక డబ్బిచ్చే కొనుగోళ్ళలో ఇప్పుడూ ఉన్నది. తెచ్చిన కుర్రవాడి మొహం చూసి మొహమాటపడి కట్టేస్తే ఆ తర్వాత చేయగలిగేది తక్కువ.

ఈ గందరగోళంలో దొంగలూ దూరారు. ‘మీ పార్సిలు ఆగిపోయింది, చిరునామా సరిగా లేదు, కొద్ది రుసుము కట్టండి’ అని తపాలా శాఖ పేరుతో ఫోనుకు సందేశాలు వస్తున్నాయి. అందులోని లింకు నొక్కి కార్డు వివరాలు ఇస్తే బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. నిజంగా కొసరు ఖర్చులు కట్టడం అలవాటైనవారే వీటిని సులభంగా నమ్ముతారు. అనుమానం వస్తే పక్కనున్న పోస్టాఫీసులో అడగాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

వ్యాపార సంస్థ చెప్పని ఛార్జీ వసూలు చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నెంబరులో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయించాలి. అమ్మిన సంస్థ ఢిల్లీలో ఉన్నా బెంగుళూరులో ఉన్నా, కొన్నవారు నివసించే జిల్లాలోనే కేసు వేసే హక్కును 2019 చట్టం ఇచ్చింది. చెల్లించిన విలువ రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. రెండేళ్ళ లోపల వేయాలి. ఈ-జాగృతి వెబ్‌సైటు ద్వారా ఇంటి నుంచి కూడా దాఖలు చేయవచ్చు. రూ.150 కోసం ఎవరు తిరుగుతారన్నది ఊళ్ళలో వినిపించే మాట. ఒక్కొక్కరి దగ్గర పోయేది రూ.150 గనుకనే అడిగేవారు లేరన్న ధైర్యం ఆ సంస్థలకు కలుగుతున్నది.

తపాలా రేట్ల పట్టికను తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి ప్రతి బ్రాంచి పోస్టాఫీసు గోడకు అంటిస్తే, పాట పాడబోయేవారు ముందుగా అక్కడికి వెళ్ళి లెక్క చూసుకోగలరు. జ్ఞాన్‌ పోస్టు గురించి జూనియర్‌ కళాశాలల్లో, గ్రంథాలయాల్లో చెప్పే ఏర్పాటు చేస్తే విద్యార్థులకు మేలు జరుగుతుంది. ఉదయగిరి గరిటెల పనివారికి విడివిడిగా కాక ఒకేచోట పార్సిళ్ళు కట్టి పంపే సదుపాయం కల్పించే విషయాన్ని సంబంధిత అధికారులు పరిశీలించవలసి ఉన్నది.